రంగు చెప్పని పూత

మాలకొండమ్మకు ఆ షెడ్డులో ఇరవై రెండో ఏడు నడుస్తోంది. కొడవలూరు దాటి హైవే మీద నెల్లూరు వైపు వస్తుంటే, వరి చేలను ఆనుకుని పొడుగాటి రేకుల షెడ్డు ఒకటి కనబడుతుంది. ఇనప బోల్టులకు, నట్లకు, క్లాంపులకు జింకు పూత పూసే చోటు అది. కరెంటు తొట్టిలో తిరిగి తిరిగి పూత పట్టిన బోల్టులు వెండిలా మెరుస్తూ బయటికి వస్తాయి. వాటిని అట్లాగే వదిలేస్తే సముద్రపు గాలికి నెల తిరక్కుండా బూడిద పట్టిపోతాయి. అందుకని ఇంకో మందులో ముంచి తీయాలి. ఆ ముంచే తొట్టి దగ్గర నిలబడేది మాలకొండమ్మ.

మొన్న ఉగాది దాకా ఆ తొట్టిలో ఉన్నది పసుపు మందు. బోల్టుల బుట్టను ముంచి, రెండుసార్లు కదిపి, ఎత్తి చూస్తే రంగు ఎక్కడం కంటికి కనబడేది. ముందు నీలి జీర, తర్వాత లేత పసుపు, ఆపైన నెమలి మెడలా మెరిసే బంగారు రంగు. ఆ రంగు వచ్చిన క్షణాన బుట్ట పైకి లేవాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంది, ముందే తీస్తే పూత నిలవదు. మాలకొండమ్మ చేతికి ఆ క్షణం తెలుసు. యజమాని పెంచలప్రసాద్ కొత్తగా వచ్చినవాళ్లను తెచ్చి ఆమె పక్కన నిలబెట్టి, "ఆయమ్మ కళ్లు చూడండి, తొట్టి గాదు" అనేవాడు.

ఆ మందు అంత మంచిది కాదని అందరికీ తెలుసు. వేలి మీద చిన్న గీత ఉన్నా అందులో దూరి గుంట చేస్తుంది. మాలకొండమ్మ కుడిచేతికి అట్లాంటి గుంటలు ఏడు ఉండేవి. ఒకటి మానేలోపు ఇంకోటి లేచేది. షెడ్డు వెనక నీళ్లు పోయే కాలవ గట్టున గడ్డి మొలవడం మానేసి ఎన్నో ఏళ్లయింది. ముక్కు లోపల ఏదో అయిందని ఆమెకే తెలుసు గానీ ఎవరితోనూ అనలేదు. పడుకున్నప్పుడు సన్నగా ఈల వినబడేది. భర్త హజరత్తయ్య అది గురక అనుకునేవాడు.

ఆ ముక్కు సంగతి మొదట అడిగింది డెబోరా. బోల్టులు కొనే పెద్ద కంపెనీ వాళ్లు, ఆ విషపు పసుపు పూత ఉన్న సరుకు ఇక కొనేది లేదని ఉత్తరం రాశారు. కాలవ నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లిన అధికారులు కూడా నోటీసు పంపారు. కొత్త మందు నిలబెట్టడానికి ప్రసాద్ నెల్లూరు నుంచి ఈ అమ్మాయిని కెమిస్టుగా తెచ్చుకున్నాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. స్కూటీ దిగి, హెల్మెట్ తీసి, నేరుగా తొట్టి దగ్గరికి వచ్చి, "అక్కా, నీ ముక్కు చూడొచ్చా?" అంది. ఫోను లైటు వేసి రెండు పక్కలా చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది, రెండు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడిందని.

"మూసుకుంటదా పాపా?"

"మూసుకోదక్కా. ఆ మందు మానేస్తే పెద్దది గాకుండా ఆగొచ్చు."

ఇరవై రెండేళ్లలో తనను ఒక మనిషి అట్లా దగ్గరికొచ్చి చూడడం అదే మొదలు. మాలకొండమ్మకు ఏడుపు రాలేదు, సంతోషమూ కాలేదు. పమిటతో ముక్కు తుడుచుకుని పనిలోకి పోయింది.

కొత్త మందూ పాతదాని లాగే క్రోమియమే గానీ ఆ విషపు రకం కాదని డెబోరా చెప్పింది. తొట్టిని స్నానానికి పెట్టుకునే వేణ్నీళ్లంత వేడిలో ఉంచాలి. బుట్ట అందులో నిండా అరవై సెకన్లు మునగాలి. కడిగాక, చూడ్డానికి నీళ్లలా ఉండే ఇంకో మందులో ముంచి ఆరబెడితే గాజులాంటి పల్చటి పొర పడుతుంది. చెయ్యి తినదు, కాలవను చంపదు. డెబోరా దగ్గరుండి ముంచి చూపిన బోల్టులు ఉప్పు పెట్టెలో, అంటే తుప్పు పరీక్షకు రాత్రీపగలూ ఉప్పు నీటి తుంపర చిమ్మే డబ్బాలో, ఎనిమిది రోజులున్నా మచ్చ పడలేదు.

ఒక్కటే చిక్కు. ఈ మందు రంగు చెప్పదు. పది సెకన్లకు తీసినా, అరవైకి తీసినా కంటికి ఒకే తెలుపు, ఒకే లేత నీలం. మాలకొండమ్మ కళ్లకు అక్కడ పని లేకుండా పోయింది. ప్రసాద్ గంట కొట్టే టైమరు ఒకటి తెచ్చి తగిలించాడు. పది రోజుల్లో ఆవిరికి అది మూగబోయింది. ఇంకోటి తెప్పిస్తానంటే ఆమే అంది, "ఎందుకులే సార్, నేను లెక్కబెట్టుకుంటాను గదా." గోడ గడియారం ఆమె వీపు వెనక ఎక్కడో ఉంది. ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదుపుతూ రోజుకు రెండు వందల బుట్టలు ముంచేది. ఎత్తేది. కడిగేది. మళ్లీ ఒకటి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మైపాడు నుంచి చిన్నపోలయ్య వచ్చాడు. అక్కడ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, నలభై యాభై ఫైబర్ పడవలకు బోల్టులు బిగించేది అతనే. పసుపు బోల్టుల కాలం నుంచి సరుకు ఇక్కడే తీసుకుంటాడు. భుజం మీది గోనె సంచి దించి, బల్ల మీద కుమ్మరించాడు. బోల్టుల మీద తెల్లటి పిండి లేచి ఉంది. మరలు పడిన చోట ఎర్రగా తుప్పు కారింది.

"చూడు సార్. వేట నిషేధం అయిపోంగానే జూన్లో బిగిస్తి. రెండు నెల్లు గూడా గాలేదు."

ప్రసాద్ ఒక బోల్టు తీసుకుని గోరుతో గీకాడు. పిండి రాలింది.

"మావూరి సుబ్బు పడవకు ఇంజను స్టాండు బోల్టు పట్టుకుపొయ్యింది సార్. ఒడ్డుకొస్తా ఇంజను ఎత్తబోతే లేవలా. నీళ్లల్లో తిరిగే ఫ్యాను ఇసక మేటకు కొట్టుకుని షాఫ్టు వంగిపొయ్యింది. పదైదు దినాలుగా పడవ ఒడ్డునే ఉండాది."

తొట్టి దగ్గర నుంచి మాలకొండమ్మ అడిగింది. "మనుషులకేం గాలేదు గదన్నా?"

"మనుషులు బాగుండారులే. నా మాటే బాగలేదు. పసుపు బోల్టులప్పుడు ఒక్కడు నన్ను వేలెత్తి చూపింది లేదు. ఇప్పుడు నేను నడిస్తే ఎనక మాట్లాడుకుంటా ఉండారు." అతను కోపంగా చెప్పలేదు. ఎండలో బస్సు దిగి నడిచి వచ్చిన మనిషి గొంతు అది. నీళ్లు తాగి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ప్రసాద్ ఆ సాయంత్రం డెబోరాను పిలిచి మాట్లాడాడు. మాట్లాడాడనే గానీ మాటలన్నీ ఒకవైపే. "నువ్వు చెప్పిన మందే పోసినాం, నువ్వు చెప్పిన వేడే పెట్టినాం. ఇంకేంది తల్లీ చేసేది?" ఆ పిల్ల తొట్టి మందును మళ్లీ మళ్లీ పరీక్షించింది. ఆమ్లం పాళ్లు సరిగ్గానే ఉన్నాయి, వేడి సరిగ్గానే ఉంది, కడిగే నీళ్లూ బాగానే ఉన్నాయి. చివరికి మాలకొండమ్మ దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అక్కా, ఎంతసేపు ముంచుతున్నావు?"

"అరవై."

"ఖచ్చితంగా?"

"అరవయ్యే పాపా. లెక్కబెడతానే ఉంటి గదా."

డెబోరా తల ఊపి వెళ్లిపోయింది. మాలకొండమ్మ అబద్ధం చెప్పలేదు. తను చెప్పింది నిజమనే అనుకుంది.

తర్వాత రెండు రోజులకు ఆమెకు నడుం పట్టేసింది. ఎడమ పక్కకు వంగలేక తొట్టికి అటువైపు పోయి నిలబడింది. అప్పుడు గోడ గడియారం ఎదురుగా వచ్చింది. సాయంత్రం ఐదు దాటింది. బుట్ట ముంచి ఒకటి దగ్గర మొదలుపెట్టి అరవై దగ్గర ఎత్తింది. ఎత్తుతూ ఊరికే తలెత్తి చూస్తే సెకన్ల ముల్లు ఇంకా ఆరు దగ్గరే ఉంది. అది పన్నెండు మీద ఉండగా బుట్ట దించినట్టు ఆమెకు బాగా గుర్తు. గడియారం బ్యాటరీ అయిపోయిందేమో అనుకుంది. ముల్లు పన్నెండు మీదికి రాగానే ఇంకో బుట్ట ముంచింది. ముల్లు చక్కగానే తిరుగుతోంది. ఆమె అరవై అనేసరికి అది మళ్లీ ఆరు దగ్గరకే వచ్చింది.

మర్నాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా మళ్లీ అటువైపే నిలబడింది. తొమ్మిదింటప్పుడు ఆమె అరవై, గడియారం యాభై ఎనిమిది. అన్నం తిన్నాక నలభై ఎనిమిది. మూడింటికి నలభై. ఐదింటికి ముప్పై. కాళ్లు బరువెక్కే కొద్దీ అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరుగెత్తుతున్నాయి. నోరు అరవై అంటోంది, ఒళ్లు మాత్రం ఎప్పుడెప్పుడు ఎత్తేద్దామా అని చూస్తోంది. డెబోరా పరీక్షలన్నీ పొద్దుట పూట చేసినవి. అవన్నీ నెగ్గాయి. ప్రతి మూటకూ తేదీ, పూట రాసిన చీటీ కడతారు. చిన్నపోలయ్యకు పోయిన మూట చీటీ మీద ఏముందో అడగాలా? ప్యాకింగులో పనిచేసే వెంకటశేషమ్మ చేత రిజిస్టరు తీయించింది. మే నెల, సాయంత్రం పూట.

ఆ వారం ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. చెప్పకపోతే ఏమవుతుందో రోజురోజుకూ తెలుస్తూనే ఉంది. నెలాఖరుకు వేరే చోటు చూసుకోమని ప్రసాద్ డెబోరాతో అన్నాడట. కంపెనీ సరుకుకు కొత్త మందు ఎట్లాగో నడుపుకుని, ఊళ్లో వాళ్లకు మాత్రం పాత పసుపే పోయాలని చూస్తున్నాడు. శనివారం రెండు నీలం డబ్బాలు ఆటోలో దిగాయి. మూత సందులోంచి ఆ వాసన ఆమె ఎరిగిందే. ఒక్క క్షణం మనసు తేలికైన మాట నిజం. రంగు తిరిగి వస్తుంది. కళ్లకు పని దొరుకుతుంది. తప్పు తొట్టి అడుగునే ఉండిపోతుంది. ఆ తేలిక ఆమెకే భయం వేసేలా ఉంది. చేతి మీది గుంటలు ఐదు మూసుకుపోయి తెల్లటి మచ్చలయ్యాయి, మిగిలిన రెండూ మానుతున్నాయి. వాటినే చూస్తూ నిలబడింది.

ప్రసాద్ డబ్బా మూత తిప్పబోతున్నాడు.

"సార్, అది తెరవబాకండి."

అతను ఆగి చూశాడు. ఇన్నేళ్లలో ఆమె అతనికి అడ్డం చెప్పింది లేదు.

"తప్పు మందుది గాదు సార్. ఆ పాపదీ గాదు. నాది. అరవై అని ఎత్తతన్నా గానీ అది అరవై గాదు. సాయంత్రానికి ముప్పై గూడా ఉండటంలే."

డెబోరా బల్ల దగ్గర తన సీసాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. సీసా చేతిలోనే పట్టుకుని వచ్చింది. "నేను అడిగినాను గదక్కా. నీ మొహం చూసి అడిగినాను. అరవయ్యే అన్నావు."

"అరవయ్యే అనుకున్నా పాపా."

"ఎన్ని దినాలుగా తెలుసు నీకు?"

మాలకొండమ్మ తల వంచుకుంది. "సోమారం నించి."

"సోమారం నించీ తెలిసి ఊరుకున్నావా? నేనీడ తప్పెక్కడుందో తెలీక నిద్రపోకుండా..." ఆ పిల్ల సీసా బల్ల మీద పెట్టి బయటికి వెళ్లి స్కూటీ మీద కూర్చుంది. వెళ్లిపోతుందనుకున్నారు. వెళ్లలేదు. అట్లాగే తాళం చెవి చేత్తో పట్టుకుని కూర్చుంది.

ప్రసాద్ నీలం డబ్బా మీదే చతికిలబడ్డాడు. అతనికీ యాభై దాటాయి. "ఎంతమందికో నేర్పించిన దానివి. నువ్వు గూడా ఎట్ట తప్పితివి మాలకొండమ్మా?"

నడుం నొప్పి అందామా, వయసు అందామా, టైమరు పాడైంది గదా అందామా. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది:

"అలిసిపోయినాను సార్."

ఆ మాట ఆ షెడ్డులో ఆమె అంతకు ముందెప్పుడూ అనలేదు. అన్నాక బల్ల అంచు పట్టుకుంది. వెంకటశేషమ్మ గబగబా స్టూలు తెచ్చి వేసింది.

ప్రసాద్‌కు రుజువు కావాలి. డెబోరా లోపలికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, చీటీలు చూసి పొద్దుటి మూటలోంచి పది, సాయంత్రం మూటలోంచి పది బోల్టులు ఏరి ఉప్పు పెట్టెలో వేలాడదీసింది. రెండో రోజుకే సాయంత్రం బోల్టులకు తెల్ల పిండి లేచింది. పొద్దుటివి ఆరో రోజుకూ శుభ్రంగా ఉన్నాయి. ప్రసాద్ వంగి చాలాసేపు చూశాడు. తర్వాత నీలం డబ్బాల మీద పట్టా కప్పించాడు. నెల తర్వాత అమ్మినవాడే వచ్చి వాటిని వెనక్కి తీసుకుపోయాడు.

ఆవిరి పట్టని టైమరు వచ్చింది. గంట మోగేదాకా బుట్ట ఎత్తకూడదని డెబోరా గోడ మీద రాయించింది. మూడు దాటాక తొట్టి దగ్గర వెంకటశేషమ్మ, ప్యాకింగులో స్టూలు మీద మాలకొండమ్మ. డెబోరా ఉద్యోగం నిలిచింది గానీ మునుపటిలా అక్కా అంటూ పక్కన కూర్చోవడానికి చాలా రోజులు పట్టింది. ఒక రోజు తనే వచ్చి, "చెయ్యి చూపించు" అంది. చూసి, చిన్న మలాము గొట్టం ఒళ్లో పడేసి పోయింది.

మైపాడుకు కొత్త బోల్టులు వ్యానులో పంపిస్తానన్నాడు ప్రసాద్. వద్దని, ఆదివారం నాడు మాలకొండమ్మే సంచిలో వేసుకుని బయల్దేరింది. నెల్లూరులో బస్సు మారింది, దిగి ఆటో ఎక్కింది. సంచి బరువుకు చెయ్యి లాగేసింది. చిన్నపోలయ్య పని చేసేది ఒడ్డున తాటాకుల పందిరి కింద. ఆమె సంగతంతా చెప్పింది. అతను ఇంజను విప్పుతూనే విన్నాడు. విన్నాక చేతులు తుడుచుకుని, "ఈ మాట నాతో గాదులే, సుబ్బుతో చెప్పాల. పా" అన్నాడు.

సుబ్బుకు పాతికేళ్లుంటాయి. ఒడ్డు మీదికి లాగిపెట్టిన పడవకు ఆనుకుని వల సరిచేసుకుంటున్నాడు. విన్నాక లేచి నిలబడ్డాడు.

"నీ లెక్క తప్పితే నా పడవ నెలరోజులు ఎండాల్నా?"

"అవునబ్బయ్యా."

"అవునంటే అయిపోయిందా?"

"అయిపోలా. కొత్తవి తెచ్చినా. నా ఎదురుగా బిగించుకో."

స్టాండులో పట్టుకుపోయిన బోల్టులు ఇంకా రెండు మిగిలే ఉన్నాయి. పానాకు లొంగలేదు. చిన్నపోలయ్య ఇనుము కోసే రంపం తెచ్చి కోయడం మొదలుపెట్టాడు. స్టాండు కదలకుండా ఒక పక్క సుబ్బు పట్టుకున్నాడు. ఇంకో పక్క ఎవరూ లేకపోతే మాలకొండమ్మే పమిట బిగించి, ఇసకలో మోకాళ్లూని పట్టుకుంది. రంపపు పొడి ఆమె చేతుల మీద రాలింది. మొదటిది తెగడానికి అరగంట పట్టింది. రెండోది ఇంకా మొండి. మధ్యలో సుబ్బు, "నువ్వు పక్కకు రామ్మా, నేను పట్టుకుంటా" అన్నాడు. ఆమె రాలేదు.

కొత్త బోల్టులు బిగిస్తుంటే సుబ్బు అడిగాడు, "ఇవీ అట్నే అయితే?"

"అయితే నా కాడికి రా. ఆ అన్న కాడికి పోబాక."

ఆ బోల్టులు వానాకాలం దాటేదాకా నిలిచాయి. తుపాను గాలుల తర్వాత చూస్తే ఒకటి రెండింటికి అంచున సన్నటి పొగలాంటి తెలుపు తప్ప ఏమీ లేదు. అయినా మైపాడులో అందరూ నమ్మారని కాదు. కొంతమంది పసుపు బోల్టులే కావాలని ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకున్నారు. రంగు కనబడని దాన్ని నమ్మడం కష్టమే. ఆ సంగతి మాలకొండమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదంతా తర్వాతి మాట. ఆ ఆదివారం పని అయ్యేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. చిన్నపోలయ్య భార్య పేరమ్మ, "బస్సుకింకా టైముంది, ఇంత తినిపో" అని పందిరి కింద కూర్చోబెట్టి అన్నం, చేపల పులుసు పెట్టింది. మాలకొండమ్మ నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు కూర్చుందామని పక్కనున్న వలల కుప్పకు ఆనుకుంది. సముద్రం మీంచి గాలి ఆగకుండా వస్తోంది. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో ఆమెకు తెలియదు.

బస్సు వచ్చి, హారను కొట్టి, వెళ్లిపోయింది. చిన్నపోలయ్య లేపబోతే పేరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పడుకోనీ. నాలుగింటికి ఇంకోటి ఉండాది గదా."

అతను ఇంజను పక్కకు జరిపి, సుత్తి చప్పుడు రాకుండా వేరే పని ఏదో చూసుకున్నాడు.